తెరతో మొదలుపెట్టండి: తొలి గేమింగ్ కంప్యూటర్‌కు విడిభాగాల ఎంపిక

ఒక సెకనును అరవై సమభాగాలు చేస్తే ఒక్కో భాగం 16.7 మిల్లీసెకన్లు. కనురెప్ప ఒక్కసారి పడి లేచేలోపు ఇలాంటివి ఐదారైనా గడిచిపోతాయి. సెకనుకు 60 ఫ్రేముల వేగంతో ఆట నడవాలంటే కంప్యూటర్ ప్రతి ఫ్రేమునూ ఆ గడువులోపే సిద్ధం చేయాలి. మీరు ఏ కీ నొక్కారో చూడాలి. ఎదుటివాడు ఎక్కడున్నాడో, పేలిన గోడ ముక్కలు ఎటు ఎగురుతాయో లెక్కగట్టాలి. తెర మీది 20 లక్షల పైచిలుకు చుక్కల్లో ప్రతిదానికీ రంగు తేల్చాలి. అది ముగిసిందో లేదో, తర్వాతి ఫ్రేము గడువు మొదలవుతుంది.

సొంతంగా గేమింగ్ కంప్యూటర్ కట్టుకోవాలనుకునే వాళ్లను భయపెట్టేది విడిభాగాల జాబితా. ప్రాసెసర్లలో పదుల రకాలు, గ్రాఫిక్స్ కార్డుల్లో ఇంకా ఎక్కువ, ఒక్కోదాని పేరు చివర ఒక్కో అక్షరం. ఈ అడవిలో దారి చూపేది ఒకే ప్రశ్న: ఈ 16.7 మిల్లీసెకన్లలో ఈ భాగం చేసే పనేమిటి? దీనికి జవాబు తెలిస్తే ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ ఆపాలో మీకే తెలిసిపోతుంది.

ఒకరు చేసిన బోర్డులో ఇంకొకరు చేసిన కార్డు ఎలా ఇముడుతుందన్న సందేహం సహజం. 1981లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను బజారులో దొరికే భాగాలతో తయారుచేసి, దాని వివరాలను బయటపెట్టింది. దాంతో ఇతర కంపెనీలు దానికి సరిపోయే భాగాలు చేయడం మొదలుపెట్టాయి. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ ప్రమాణం బోర్డు కొలతలను, మరలు బిగించే చోట్లను, కరెంటు కనెక్టర్లను స్థిరపరిచింది. 2003లో వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులు దూర్చే స్లాట్‌కు ప్రమాణమైంది. ఈ రోజు ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో కంప్యూటర్ బిగించుకోగలుగుతున్నామంటే ఈ ఉమ్మడి కొలతల పుణ్యమే.

ముందు తెర

ఎక్కువమంది ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, చివర మిగిలిన డబ్బుతో మానిటర్ కొంటారు. లెక్క అటునుంచి ఇటు రావాలి. మీ కంటికి కనిపించేది తెర ఒక్కటే. మిగతా భాగాలన్నీ దానికి బొమ్మలు అందించడానికే ఉన్నాయి.

తెరలో చూడాల్సినవి రెండు: చుక్కల సంఖ్య, సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదన్నది. 1080పీ తెర మీద 1920 అడ్డం, 1080 నిలువు వరసల్లో 20,73,600 చుక్కలుంటాయి. 1440పీలో 36,86,400. 4కే తెర మీద 82,94,400, అంటే 1080పీకి సరిగ్గా నాలుగు రెట్లు. చుక్కలు పెరిగిన కొద్దీ గ్రాఫిక్స్ కార్డు పనీ పెరుగుతుంది. ఇక రెండోది హెర్ట్‌జ్. 60 హెర్ట్‌జ్ మానిటర్ సెకనుకు 60 బొమ్మలకు మించి చూపలేదు, లోపల కంప్యూటర్ రెండు వందలు తయారుచేస్తున్నా సరే. 144 హెర్ట్‌జ్ మానిటర్ వాడితే గడువు 16.7 నుంచి 6.9 మిల్లీసెకన్లకు కుంచించుకుపోతుంది.

కాబట్టి మీరు ఆడే ఆటలేమిటో ముందు తేల్చుకోండి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి పోటీ ఆటల్లో వేగమే ప్రాణం. వాటికి 24 అంగుళాల 1080పీ, 144 హెర్ట్‌జ్ లేదా అంతకు మించిన తెర చక్కగా సరిపోతుంది. సైబర్‌పంక్ 2077 లాంటి, దృశ్యాల అందం కోసం ఆడే ఆటలకు 27 అంగుళాల 1440పీ బాగుంటుంది. తొలి కంప్యూటర్‌కు 4కే జోలికి పోకపోవడమే మంచిది. ఆ తెరకు సరిపడా కార్డు కొనబోతే బడ్జెట్ చేయి దాటిపోతుంది. మానిటర్‌కు అడాప్టివ్ సింక్ ఉందో లేదో మాత్రం తప్పక చూడండి. కార్డు బొమ్మ పంపినప్పుడే తెర మారేలా ఇది సర్దుతుంది, అందువల్ల దృశ్యం మధ్యలో చీలినట్టు కనిపించదు.

గ్రాఫిక్స్ కార్డు: డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

ప్రాసెసర్ ఉండగా మళ్లీ గ్రాఫిక్స్ కార్డు ఎందుకు? వరినాట్లు తలచుకోండి. ఏ మడిలో ఏ రకం వేయాలో, నీళ్లు ఎప్పుడు పెట్టాలో ఆలోచించేది రైతు ఒక్కడే. నాట్లు మాత్రం కూలీలంతా వరసగా వంగి ఒకేసారి వేస్తారు. ఒకరి పని కోసం ఇంకొకరు ఆగనక్కర్లేదు. తెర మీది చుక్కకు రంగు కట్టడం ఈ నాట్ల లాంటి పని. ప్రతి చుక్క లెక్కా దాదాపు ఒకే రకం, పక్క చుక్క జవాబు కోసం ఎదురుచూసే పని చాలా తక్కువ. అందుకే మామూలు ప్రాసెసర్‌లో ఆరో ఎనిమిదో తెలివైన కోర్లుంటే, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4060 లాంటి మధ్యతరగతి కార్డులోనే 3,072 చిన్న లెక్కల యూనిట్లు ఉంటాయి.

మానిటర్‌ను పక్కన పెడితే, మిగతా బడ్జెట్‌లో మూడో వంతు నుంచి దాదాపు సగం దాకా గ్రాఫిక్స్ కార్డుకే కేటాయించడం అనుభవజ్ఞులు పాటించే లెక్క. ఆటల కోసమే కట్టుకునే కంప్యూటర్‌కు అది న్యాయమైన వాటా. అంగడిలో "ఐ7 సిస్టమ్" అని గొప్పగా చూపిస్తే ముందు అందులో ఏ కార్డు ఉందో అడగండి. ఖరీదైన ప్రాసెసర్‌కు నాసి కార్డు జతచేస్తే ఆట నత్తనడక నడుస్తుంది.

కార్డు మీద ఉండే సొంత మెమరీ, అంటే వీర్యామ్, ఎంతో జాగ్రత్తగా చూడాల్సిన విషయం. గోడల గరుకుదనం, చొక్కా నేత, నేల మీది బురద వంటి బొమ్మలన్నీ అందులోనే ఉంటాయి. ఆర్‌టీఎక్స్ 4060లో 8 జీబీ ఉంది. ఆ మెమరీ నుంచి సమాచారం సెకనుకు 272 జీబీ వేగంతో కార్డు చిప్‌కు అందుతుంది. ఆట 8 జీబీకి మించి అడిగిందనుకోండి, మిగతాది మదర్‌బోర్డు మీది ర్యామ్ నుంచి పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిన రావాలి. ఈ కార్డుకు ఆ దారి వేగం సెకనుకు సుమారు 16 జీబీ, అంటే పదిహేడో వంతు. సాఫీగా పోతున్న ఆట ఉన్నట్టుండి కుదుపులు ఇవ్వడానికి తరచూ ఇదే కారణం. 1080పీకి 8 జీబీతో ఇప్పటికి నెట్టుకురావచ్చు. 1440పీలో కొత్త ఆటలు ఆడాలంటే 12 లేదా 16 జీబీ కార్డు వైపు చూడండి. ఒకే పేరుతో రెండు రకాల మెమరీల్లో వచ్చే కార్డులున్నాయి. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 8 జీబీలోనూ 16 జీబీలోనూ దొరుకుతుంది. పెట్టె మీద అంకె చదవకుండా డబ్బు చెల్లించకండి.

ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్, ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ అనే సదుపాయాల గురించి కూడా తెలుసుకోవాలి. ఇవి బొమ్మను తక్కువ చుక్కలతో గీసి, లెక్కల సాయంతో పెద్ద తెరకు పెంచుతాయి. డీఎల్‌ఎస్‌ఎస్‌ను 4కే తెర మీద క్వాలిటీ స్థాయిలో వాడితే కార్డు నిజంగా గీసేది 1440పీ బొమ్మనే, అంటే మొత్తం చుక్కల్లో 44 శాతం. ఇది నిజమైన ఆదా. ఫ్రేమ్ జనరేషన్ సంగతి వేరు. అది రెండు ఫ్రేముల మధ్య కొత్తవి ఊహించి చేరుస్తుంది. చూపుకు సాఫీగా ఉంటుంది గానీ మీరు కీ నొక్కినప్పుడు ఆట స్పందించే వేగం పెరగదు. ప్రకటనల్లో కనిపించే పెద్ద పెద్ద అంకెల్లో ఇలా కలిపినవి ఎన్నో విడిగా చూసుకోండి.

ప్రాసెసర్: కోర్ల సంఖ్య ఒక్కటే చాలదు

కార్డు ఒక ఫ్రేమును గీస్తుండగా ప్రాసెసర్ తర్వాతి ఫ్రేముకు కావలసిన లెక్కలు సిద్ధం చేస్తుంది. ఇద్దరిలో ఎవరు నెమ్మదైతే ఆట వేగం వాళ్లదే. మీ దగ్గర ఇప్పటికే ఒక కంప్యూటర్ ఉంటే చిన్న పరీక్ష చేసి చూడండి. ఆట సెట్టింగుల్లో రెజల్యూషన్‌ను 1080పీ నుంచి 720పీకి తగ్గించండి. ఫ్రేములు బాగా పెరిగితే కార్డు వెనకబడుతున్నట్టు లెక్క. ఏమీ మారకపోతే ప్రాసెసరే అడ్డం పడుతోంది.

ఆటలో చాలా పనులు ఒకదాని ఫలితం మీద ఇంకొకటి ఆధారపడి నడుస్తాయి. వాటిని పదహారు కోర్లకు పంచినా పెద్దగా లాభం ఉండదు. ప్రాసెసర్ వేగాన్ని దెబ్బతీసేది తరచూ ఎదురుచూపు. ర్యామ్ నుంచి ఒక అంకె తెప్పించుకోవడానికి సుమారు 70 నుంచి 80 నానోసెకన్లు పడుతుంది. 5 గిగాహెర్ట్‌జ్ ప్రాసెసర్‌కు అది 350కి పైగా అడుగులు ఊరికే గడిచిపోవడమే. కావలసింది చిప్ మీదే ఉండే క్యాష్ అనే చిన్న మెమరీలో దొరికితే ఆ వృథా తప్పుతుంది. 2023లో వచ్చిన ఏఎండీ రైజన్ 7 7800ఎక్స్3డీలో కోర్లు ఎనిమిదే. కానీ దాని మూడో స్థాయి క్యాష్ 96 ఎంబీ. అందుకే పదహారు కోర్ల ప్రాసెసర్లను సైతం అది చాలా ఆటల్లో దాటేసింది.

తొలి కంప్యూటర్‌కు అంత దూరం వెళ్లనక్కర్లేదు. రైజన్ 5 7600 వంటి ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్ల ప్రాసెసర్ మధ్యతరగతి కార్డుకు తగిన జోడీ. ఇంటెల్ ప్రాసెసర్ కొనేటప్పుడు పేరు చివర "ఎఫ్" ఉందేమో చూడండి. ఉంటే అందులో గ్రాఫిక్స్ భాగం ఉండదు. కార్డు పాడైన రోజున తెర మీద ఏమీ రాదు.

సమీక్షలు చదివేటప్పుడు సగటు ఫ్రేములతో సరిపెట్టుకోకండి. సెకనుకు సగటున వంద ఫ్రేములు వస్తున్నా, మధ్యలో ఒక్కటి 50 మిల్లీసెకన్లు ఆగితే చేతికి ఆ కుదుపు తెలిసిపోతుంది. "ఒక శాతం లో" అని ఇచ్చే అంకె ఈ నెమ్మది ఫ్రేముల సంగతి చెబుతుంది. సగటుకు అది ఎంత దగ్గరగా ఉంటే ఆట అంత సాఫీ.

మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

మదర్‌బోర్డు వేగం పెంచదు, అన్నిటినీ కలుపుతుంది. చూడాల్సింది ప్రాసెసర్ కూర్చునే సాకెట్. ఏఎండీ 2022లో తెచ్చిన ఏఎం5 సాకెట్‌కు 2027 దాకా మద్దతు ఉంటుందని ఆ కంపెనీ ప్రకటించింది. ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లు ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో కూర్చుంటాయి. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 శ్రేణికి సాకెట్ మారింది. మూడు నాలుగేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలనుకునే వాళ్లకు ఇది పెద్ద తేడా. కొత్త ప్రాసెసర్‌ను పాత స్టాకు బోర్డులో పెడితే, బయాస్ (బోర్డును లేపే మూల ప్రోగ్రామ్) అప్‌డేట్ లేక కంప్యూటర్ లేవకపోవచ్చు. ఆ బోర్డు బయాస్ మీ ప్రాసెసర్‌ను గుర్తిస్తుందో లేదో కొనే ముందే అడగండి.

ర్యామ్ ఒక్క 16 జీబీ స్టిక్ కంటే రెండు 8 జీబీ స్టిక్కులు మేలు. ఒక్కో స్టిక్ ఒక్కో దారి. 6000 వేగం డీడీఆర్5 ర్యామ్ ఒక దారిలో సెకనుకు 48 జీబీ ఇస్తుంది, రెండు దారుల్లో 96. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. 16 జీబీ కనీసం, వీలైతే 32. ఇక చాలామంది మరిచిపోయేది ఒకటుంది. 6000 అని రాసి ఉన్న ర్యామ్ కూడా పెట్టగానే 4800 వేగంతోనే నడవవచ్చు. బయాస్‌లోకి వెళ్లి ఏఎండీ బోర్డుల్లో ఎక్స్‌పో, ఇంటెల్ బోర్డుల్లో ఎక్స్‌ఎంపీ అన్నది ఆన్ చేస్తేనే పెట్టిన డబ్బుకు తగిన వేగం వస్తుంది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎగబాకాయి. పాత వీడియోల్లో చెప్పిన ధరలు నమ్మి బడ్జెట్ వేసుకోకండి.

హార్డ్ డిస్క్ నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. కావలసిన చోటు సూది కిందికి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లు పోతాయి. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. బాల్డర్స్ గేట్ 3 లాంటి ఆటలు ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి అని, 150 జీబీ ఖాళీ కావాలని అడుగుతున్నాయి. 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ నాలుగో తరందైతే చాలు, ఐదో తరానికి పెట్టే అదనపు డబ్బు ఆటల్లో కనిపించదు.

ఎస్‌ఎంపీఎస్: పొదుపు పనికిరాని చోటు

గోడలోని 230 వోల్టుల కరెంటును 12 వోల్టులకు మార్చి అన్ని భాగాలకూ పంచేది ఎస్‌ఎంపీఎస్. నాసిది పేలితే తనతో పాటు మిగతావాటినీ తీసుకుపోగలదు. లెక్క కష్టమేమీ కాదు. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు, రైజన్ 5 7600 గరిష్ఠంగా 88 వాట్లు, మిగతా అన్నిటికీ కలిపి ఓ 50 వేసుకుంటే మొత్తం 253. మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ దీనికి ధారాళంగా సరిపోతుంది. అంత అదనం ఎందుకంటే, గ్రాఫిక్స్ కార్డులు క్షణంలో చిన్న వంతు సేపు తమ మామూలు వాడకానికి రెట్టింపు లాగుతుంటాయి. 2022 నాటి ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఇలాంటి ఎగుడుదిగుళ్లను తట్టుకోవాలని నిర్దేశించింది. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనే ముద్రలు కరెంటు ఎంత వృథా అవుతోందో చెబుతాయే గానీ లోపలి భాగాల నాణ్యతకు హామీ కాదు. ఎన్నేళ్ల వారంటీ ఇస్తున్నారో చూడండి, ఆ మోడల్‌ను విప్పి పరీక్షించిన సమీక్షలు చదవండి.

మన ఇళ్లకు సంబంధించి ఇంకో ముఖ్యమైన సంగతి ఎర్తింగ్. క్యాబినెట్‌ను ముట్టుకుంటే వేళ్లు జిల్లుమంటున్నాయా? ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు రొదను వడగట్టే కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఎర్తు తీగలోకి పంపుతాయి. గోడలో ఎర్తు లేకపోతే అది లోహపు పెట్టెలోనే నిలిచి మీ చేతి గుండా దారి వెతుక్కుంటుంది. కొత్త భాగాలు తెచ్చే ముందే ఎలక్ట్రీషియన్‌తో ఆ సాకెట్ ఎర్తింగ్ సరిచూయించండి. యూపీఎస్ కొంటే 600 వీఏ అన్న అంకె చూసి మోసపోవద్దు. దాని అసలు శక్తి చాలావాటిలో 360 వాట్లే. మానిటర్‌తో కలిపి 300 వాట్ల దాకా లాగే కంప్యూటర్‌కు 1000 వీఏ స్థాయిది తీసుకోవడం క్షేమం.

మన ఎండలు, మన దుమ్ము

సమీక్షల్లో కనిపించే ఉష్ణోగ్రతలు ఏసీ గదుల్లో కొలిచినవి. 22 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 70 డిగ్రీలకు చేరిందంటే అది గది కంటే 48 డిగ్రీలు ఎక్కువ. ఫ్యాన్ పెట్టిన ఏ కూలరూ గది గాలి కంటే చల్లగా చేయలేదు. మే నెలలో 38 డిగ్రీల గదిలో అదే ప్రాసెసర్ దాదాపు 86 దగ్గర ఉంటుంది. రైజన్ 5 7600కు హద్దు 95. అక్కడికి చేరితే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఎండాకాలం 44 డిగ్రీలు దాటడం కొత్త కాని రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల ఉండేవాళ్లు కూలర్‌ను, క్యాబినెట్‌ను ఒక మెట్టు పైన ఎంచుకోవాలి. ముందు వైపు అద్దం ఉన్న క్యాబినెట్ చూడముచ్చటగా ఉంటుంది గానీ గాలి ఆడదు. ముందు జాలీ, తీసి కడుక్కునే దుమ్ము వడపోత, ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి ఉన్నది వెతకండి. కార్డు పొడవు, కూలర్ ఎత్తు అందులో పడతాయో లేదో మిల్లీమీటర్లతో సహా సరిచూసుకోండి.

కొనడం, బిగించడం

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట నాలుగు దుకాణాలు తిరిగితే ధరల తేడా తెలుస్తుంది. 18 శాతం జీఎస్టీతో కూడిన బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకోండి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే వద్దనండి. వారంటీ అడగాల్సిన రోజున చేతిలో ఉండాల్సింది ఆ కాగితమే.

బిగించేటప్పుడు ఊపిరి బిగపట్టాల్సింది ప్రాసెసర్ దగ్గర. ఏఎం5 సాకెట్‌లో వెంట్రుకల్లాంటి 1,718 పిన్నులు ఉంటాయి. ప్రాసెసర్ మూలనున్న త్రికోణం గుర్తును సాకెట్ గుర్తుతో కలిపి, నిలువుగా దించి వదిలేయండి, నొక్కకండి. మీట దించేటప్పుడు కాస్త గట్టిగానే ఉంటుంది, అది మామూలే. వంగిన పిన్నుకు సాధారణంగా వారంటీ వర్తించదు. థర్మల్ పేస్ట్ పల్చగా ఉండాలి. గాలి కంటే అది వేడిని వందల రెట్లు బాగా దాటిస్తుంది, కానీ రాగి కంటే పదుల రెట్లు తక్కువ. అందుకే దాని పని సందులు పూడ్చడం వరకే. కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర తీయడం మరవద్దు. ఒక ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లను ఇంకో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కు పెట్టడం ప్రమాదం. కొస ఒకేలా కనిపించినా లోపలి తీగల వరస వేరుగా ఉండవచ్చు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు డీడీఆర్5 ర్యామ్‌ను బోర్డు పరీక్షించుకుంటుంది. తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండవచ్చు, కంగారుపడి కరెంటు తీసేయకండి. మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాక గ్రాఫిక్స్ కార్డుకే పెట్టండి. చివరగా విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 హెర్ట్‌జ్ ఎంచుకోండి. ఆ ఒక్క పని చేయక, కొత్త మానిటర్‌ను నెలల తరబడి 60లోనే నడిపేవాళ్లు ఎందరో.

దుకాణానికి వెళ్లే ముందు ఒక కాగితం మీద మూడు మాటలు రాసుకోండి: ఏ ఆటలు, ఏ తెర, ఎంత డబ్బు. తెరకు తగిన కార్డు, కార్డుకు తగిన ప్రాసెసర్, వీటన్నిటికీ నమ్మకమైన ఎస్‌ఎంపీఎస్. ఈ వరస తప్పకపోతే మధ్యతరగతి బడ్జెట్‌లోనూ మంచి కంప్యూటర్ వస్తుంది. భాగాలు కొన్నాక బిగించే పని దుకాణం కుర్రాడికి వదిలేయకండి. మీ ఇంట్లో పదో తరగతి చదివే పిల్లలుంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మీ చేతులతోనే బిగించండి. రేపు ఏదైనా భాగం పాడైతే ఎక్కడ చూడాలో, ఏది మార్చాలో మీకే తెలుస్తుంది.